ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం చేతికి వెళ్తున్న చిన్న వసతి కళాశాల: అక్కడ చదివే పిల్లల సంగతి ఏమిటి?

కృష్ణవేణి_ఆర్
మా అమ్మాయి అమెరికాలో ఒక చిన్న వసతి కళాశాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. అక్కడ విద్యార్థులు కొన్ని వందల మందే ఉంటారు. తరగతులు చిన్నవని, ప్రొఫెసర్లు ప్రతి విద్యార్థినీ పేరు పెట్టి పిలుస్తారని తెలుసుకుని, పెద్ద విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం వచ్చినా కాదనుకుని అక్కడ చేర్పించాము. ఇటీవల కళాశాల అధ్యక్షుల కార్యాలయం నుంచి తల్లిదండ్రులందరికీ ఒక లేఖ వచ్చింది. పూర్తిగా దూరవిద్య మీదే నడిచే ఒక విశ్వవిద్యాలయం కళాశాలను తీసుకుంటోందని, సంతకాలు అయిపోయాయని, ఇంకా కొన్ని అనుమతులు రావలసి ఉన్నాయని, విద్యార్థుల చదువులో ఏ మార్పూ ఉండదని అందులో రాశారు. ఏ మార్పూ లేనప్పుడు కొనడం ఎందుకన్నది నాకు అర్థం కావడం లేదు. ఒక్క వసతిగృహం కూడా లేని సంస్థకు ఈ కళాశాలతో ఏమి పని? అమ్మాయిని అక్కడే ఉంచాలా, ఇప్పుడే మరోచోటికి మార్చాలా అన్నది మా ఇంట్లో తేలడం లేదు. ఇలాంటివి దగ్గర నుంచి చూసినవారు చెప్పగలరా?

మౌళి_గమనిక
కొనే విశ్వవిద్యాలయానికి సొంత అక్రిడిటేషన్, అంటే విద్యా ప్రమాణాలు పరిశీలించి ఇచ్చే గుర్తింపు, ఉందా? ఉంటే ఏ సంస్థ ఇచ్చింది? అది లాభాపేక్షతో నడిచేదా, కాదా? ఈ మూడూ తెలిస్తే మిగతాది చాలావరకు ఊహించవచ్చు.

కృష్ణవేణి_ఆర్
లాభాపేక్ష ఉన్న సంస్థేనని తెలిసింది. అక్రిడిటేషన్ దూరవిద్యా సంస్థలకు ప్రత్యేకంగా ఇచ్చేదట. మా అమ్మాయి కళాశాలకు మాత్రం, కళాశాలలకు అక్రిడిటేషన్ ఇచ్చే హయ్యర్ లెర్నింగ్ కమిషన్ గుర్తింపు ఉంది.

మౌళి_గమనిక
మీరు అడిగిన "ఏమి పని" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా అభిప్రాయం. హయ్యర్ లెర్నింగ్ కమిషన్ వంటి సంస్థల గుర్తింపును కొత్తగా సంపాదించడానికి ఏళ్ళు పడుతుంది. ఆ గుర్తింపు ఉన్న కళాశాలల క్రెడిట్లను, అంటే కోర్సులు పూర్తి చేసినందుకు డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లను, మిగతా కళాశాలలు సులభంగా అంగీకరిస్తాయి. దూరవిద్యకు మాత్రమే పరిమితమైన గుర్తింపుకు అంత ఆదరణ లేదు. అందుచేత దశాబ్దాల చరిత్ర ఉండి, డబ్బుకు కటకటలాడుతున్న చిన్న కళాశాలను కొంటే, భవనాలతోపాటు ఆ గుర్తింపు కూడా చేతికి వస్తుంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ అయోవా రాష్ట్రంలోని క్లింటన్ పట్టణానిది. ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు 1918లో స్థాపించిన మౌంట్ సెయింట్ క్లేర్ కళాశాల తరువాతి కాలంలో ఫ్రాన్సిస్కన్ యూనివర్సిటీ ఆఫ్ ది ప్రెయిరీస్ అయింది. 2005లో దాన్ని బ్రిడ్జ్‌పాయింట్ ఎడ్యుకేషన్ అనే సంస్థ కొని ఆష్‌ఫర్డ్ యూనివర్సిటీ అని పేరు మార్చింది. అప్పుడు అక్కడ ఉన్నది సుమారు 300 మంది విద్యార్థులు. కొద్ది ఏళ్ళలోనే ఆన్‌లైన్ విద్యార్థుల సంఖ్య 70 వేలు దాటింది. ఆ విద్యార్థులలో చాలామంది డిగ్రీ పూర్తి చేయకుండానే అప్పుతో వెళ్ళిపోయారన్న విషయం మీద 2011లో సెనేటర్ టామ్ హార్కిన్ విచారణ జరిపారు. క్లింటన్ ప్రాంగణాన్ని 2016లో మూసివేశారు. అంతమందికి పట్టాలిచ్చిన పేరు ఏ ప్రాంగణం పుణ్యాన నిలబడిందో, ఆ ప్రాంగణమే చివరికి అక్కరలేనిది అయింది.

భాను_బోధన
మౌళి గారు చెప్పిన చరిత్ర నిజమే కానీ, దాని ఆధారంగా ప్రతి కొనుగోలునూ అనుమానించడం సరికాదు. నేను ఇలాంటి ఒక చిన్న కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. మా కళాశాల ఆదాయంలో అధిక భాగం ఫీజుల నుంచే వస్తుంది. ఒక ఏడాది ముప్పై మంది తక్కువ చేరితే మరుసటి ఏడాది ఒక విభాగాన్ని ఎత్తివేయవలసి వస్తుంది. పైకప్పులకు మరమ్మతులు వాయిదా పడతాయి, పదవీ విరమణ చేసిన వారి స్థానాలు ఖాళీగా ఉండిపోతాయి. ఇటువంటి కళాశాల అమ్ముడుపోతున్నదంటే, అమ్మకానికి ప్రత్యామ్నాయం యథాతథంగా కొనసాగడం కాదు, మూతపడటం.

అదే అయోవాలో ఫారెస్ట్ సిటీ అనే పట్టణం ఉంది. అక్కడ లూథరన్లు 1903లో స్థాపించిన వాల్డార్ఫ్ కళాశాలను, అలబామాకు చెందిన కొలంబియా సదర్న్ యూనివర్సిటీ యాజమాన్యం 2010లో కొన్నది. కొలంబియా సదర్న్ పూర్తిగా దూరవిద్య మీద నడిచే లాభాపేక్ష సంస్థ. అక్కడా ఇదే భయం ఉండేది. కానీ ఆ ప్రాంగణంలో వసతిగృహాలు మిగిలాయి, క్రీడాజట్లు మిగిలాయి, సంగీత బృందాలు మిగిలాయి. పక్కనే ఆన్‌లైన్ కోర్సులు పెరిగాయి. 2016లో కళాశాల విశ్వవిద్యాలయమయింది. కొనుగోలు లేకపోతే ఆ పట్టణంలో ఈరోజు కళాశాల ఉండేదని నేను అనుకోను.

తులసి_ఎం
భాను గారూ, ఒకచోట మిగలడం, మరొకచోట మూతపడటం దేన్ని బట్టి జరిగిందంటారు? అదృష్టమేనా?

భాను_బోధన
అదృష్టం అనను. నాకు కనిపించే తేడా ఒకటుంది. వాల్డార్ఫ్‌లో కొన్నవారి సొంత విశ్వవిద్యాలయం దాని దారిన అది నడుస్తూనే ఉంది. ఆదాయమంతా వాల్డార్ఫ్ పేరు మీదే రావాలన్న ఒత్తిడి లేదు. ఆష్‌ఫర్డ్‌లో కొన్నవారి ఆదాయంలో అత్యధిక భాగం ఆ ఒక్క పేరు మీద నిలబడింది. షేర్ మార్కెట్‌లో ఉన్న సంస్థ కాబట్టి ప్రతి త్రైమాసికానికీ ప్రవేశాలు పెరిగి తీరాలి. అలాంటి లెక్కలో వందల మంది ఉండే ప్రాంగణం ఖర్చు పద్దుగానే కనిపిస్తుంది.

వలసపిట్ట
ఈ చర్చలో అత్యవసరమైన విషయం ఇంకా రాలేదు. కృష్ణవేణి గారి అమ్మాయి ఎఫ్-1 వీసా మీద, అంటే విదేశీ విద్యార్థులకు ఇచ్చే వీసా మీద ఉంటే, ముందు చూడవలసింది వీసా నిబంధనలను. ఎఫ్-1 విద్యార్థి పూర్తికాల చదువు లెక్కలోకి ఒక సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సును, అంటే మూడు క్రెడిట్లను మాత్రమే తీసుకుంటారు. డిగ్రీ విద్యార్థికి సాధారణంగా 12 క్రెడిట్లు ఉండాలి. అంటే మిగతా తొమ్మిది తరగతి గదిలో కూర్చుని చదివినవే కావాలి. కొత్త యాజమాన్యం ఖర్చు తగ్గించడానికి పై తరగతుల కోర్సులను కొద్దికొద్దిగా ఆన్‌లైన్‌కు మార్చితే అమెరికా విద్యార్థులకు అది అసౌకర్యం మాత్రమే. మీ అమ్మాయికి అది వీసా హోదా కోల్పోయే ప్రమాదం. పత్రికల్లో ఎవరూ దీని గురించి రాయరు, ఎందుకంటే ఇటువంటి కళాశాలల్లో విదేశీ విద్యార్థులు కొద్దిమందే ఉంటారు.

కృష్ణవేణి_ఆర్
అవును, ఎఫ్-1 మీదే ఉంది. ఈ కోణం మాకు తట్టలేదు. వచ్చే సెమిస్టర్‌కు తన ప్రధాన విషయంలో రెండు కోర్సులు ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంటాయని నిన్ననే చెప్పింది. దానికీ ఈ అమ్మకానికీ సంబంధం ఉందని మేము అనుకోలేదు.

వలసపిట్ట
సంబంధం ఉన్నా లేకపోయినా, ఆ రెండింటినీ తీసుకుంటే తరగతి గదిలో ఎన్ని క్రెడిట్లు మిగులుతాయో ఈ వారమే లెక్క చూడమనండి. కళాశాలలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని, అంటే డీఎస్ఓను, రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగమనండి. యాజమాన్యం మారినప్పుడు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి కోసం కళాశాల కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి ఏర్పాట్లు మొదలయ్యాయా అన్నది మొదటి ప్రశ్న. మీ అమ్మాయి డిగ్రీకి కావలసిన మిగతా కోర్సులన్నీ ప్రాంగణంలో జరుగుతాయని హామీ ఇవ్వగలరా అన్నది రెండోది. నోటిమాట వద్దు, ఈమెయిల్‌లో జవాబు కావాలి.

రాఘవ_లో_రెసిడెన్సీ
ఈ చర్చలో దూరవిద్య అన్న మాటే ఒక దోషంలా వినిపిస్తోంది. దానికి నేను అభ్యంతరం చెబుతున్నాను. ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లలను పెంచుతూ, ఏడాదికి రెండుసార్లు కొద్ది రోజులు ప్రాంగణానికి వెళ్ళి, మిగతా కాలం ఒక అధ్యాపకురాలితో ఉత్తరాల ద్వారా పని చేసి నేను పీజీ పూర్తి చేశాను. ఆమె నా రాతలను చదివినంత శ్రద్ధగా నా డిగ్రీ రోజుల్లో ఎవరూ చదవలేదు.

లాభాపేక్ష లేని దూరవిద్యా సంస్థ ఒక ప్రాంగణాన్ని తీసుకున్న కథ కూడా ఉంది. సిన్సినాటిలోని యూనియన్ ఇన్‌స్టిట్యూట్ మూలాలు 1964 నాటివి. బోధనలో ప్రయోగాలు చేయాలని కొన్ని కళాశాలలు కలిసి పెట్టుకున్న కూటమి అది. వయోజన విద్యార్థి తన పరిశోధన ప్రణాళికను తానే రూపొందించుకుని, ఒక కమిటీ మార్గదర్శకత్వంలో ఎక్కడ ఉన్నవారు అక్కడే ఉండి డాక్టరేట్ చేసే పద్ధతిని వారు నడిపారు. 2001లో ఈ సంస్థ వెర్మాంట్ రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్‌లోని వెర్మాంట్ కళాశాలను నార్విచ్ యూనివర్సిటీ నుంచి తీసుకున్నది. అప్పటికి ఆ కొండ మీది ప్రాంగణంలో నడుస్తున్నవి ముఖ్యంగా వయోజనుల కోసం ఉద్దేశించిన లో రెసిడెన్సీ కోర్సులు, అంటే నేను చదివినట్టు ఏడాదిలో కొద్ది రోజులే ప్రాంగణంలో ఉండి చదివేవి. వాటిలో కొన్ని 1981లో గొడార్డ్ కళాశాల నుంచి వచ్చినవి. అంటే కొన్నవారి పద్ధతీ, అమ్ముడుపోయిన కళాశాల పద్ధతీ దగ్గరదగ్గరగా ఉండేవి. ఎవరూ ఎవరినీ మింగాలనుకోలేదు.

మౌళి_గమనిక
రాఘవ గారూ, ఆ కథలో మిగతా భాగం కూడా చెప్పండి. పద్ధతులు కలిసినా ఆ కలయిక పదేళ్ళు కూడా నిలవలేదు కదా.

రాఘవ_లో_రెసిడెన్సీ
చెబుతాను, దాచవలసినది ఏమీ లేదు. పాత భవనాలు, పచ్చిక మైదానాలు, చలికాలంలో వేడి చేయడానికి అయ్యే ఖర్చు, ఇవన్నీ దూరవిద్యా సంస్థకు అలవాటు లేని భారాలు. విద్యార్థులు ఏడాదిలో కొద్ది వారాలే వచ్చే ప్రాంగణానికి ఏడాది పొడవునా నిర్వహణ ఖర్చు ఉంటుంది. చివరికి యూనియన్ ఆ ప్రాంగణాన్ని వదిలించుకున్నది. రచన, చిత్రకళలలో ఎంఎఫ్ఏ (పీజీ స్థాయి) కోర్సులు చెప్పే అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, స్థానికులు పూనుకుని 2008లో వెర్మాంట్ కాలేజ్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ అనే స్వతంత్ర కళాశాలగా దాన్ని నిలబెట్టారు. ఆ తరువాత వారికీ భవనాల భారం తప్పలేదు. 2022లో తమ రెసిడెన్సీలను, అంటే విద్యార్థులు వచ్చి ఉండే ఆ కొద్ది రోజుల తరగతులను, మాంట్‌పీలియర్ నుంచి తరలించాలని నిర్ణయించారు. యూనియన్ అయితే జీతాలు కూడా సకాలంలో ఇవ్వలేని స్థితికి చేరి 2024లో మూతపడింది. గొడార్డ్ కూడా ఆ సంవత్సరమే మూతపడింది.

నేను చెప్పదలచుకున్నది ఇది. అక్కడ దురాశ లేదు, మోసపూరితమైన ప్రకటనలు లేవు. అయినా ప్రాంగణం నిలవలేదు. కాబట్టి లాభాపేక్ష ఒక్కటే మూలమన్న వాదనతో నేను ఏకీభవించను. నేల, కప్పు, బాయిలర్ ఖర్చులను ఎలా భరించాలో కొనేవారికి తెలుసా అన్నది కూడా అంతే ముఖ్యం.

తులసి_ఎం
రాఘవ గారి మాట ఆలోచింపజేసింది. దురుద్దేశం లేకపోవడం చాలదన్నమాట.

అంకెల_అనంత్
ఖర్చుల మాట వచ్చింది కాబట్టి తల్లిదండ్రులు ఇంటి నుంచే చూడగలిగిన పత్రాల గురించి రాస్తాను. అమెరికా విద్యాశాఖ ప్రతి ప్రైవేటు కళాశాల ఆర్థిక స్థితికీ -1.0 నుంచి 3.0 మధ్య ఒక స్కోరు వేస్తుంది. 1.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదని లెక్క. 1.0 నుంచి 1.4 వరకు ఉంటే అదనపు నిఘాలో నడుస్తుంది. అంతకన్నా తక్కువైతే హామీ పత్రాలు పెట్టవలసి రావచ్చు. ఈ జాబితాలను విద్యాశాఖ బహిరంగంగా ప్రచురిస్తుంది. కళాశాలకూ కొనేవారికీ రెండింటికీ స్కోరు చూడండి. చాలామంది కళాశాల స్కోరు చూసి ఊరుకుంటారు. ఇకమీదట మీ అమ్మాయి చదువు ఆధారపడేది కొనేవారి స్కోరు మీద.

లాభాపేక్ష లేని కళాశాల అయితే ఏటా ఫారం 990 అనే పన్ను పత్రం దాఖలు చేస్తుంది, దాన్ని ఎవరైనా చూడవచ్చు. చర్చికి అనుబంధంగా ఉన్న కొన్ని కళాశాలలకు మాత్రం ఈ బాధ్యత ఉండదు. అందులో వరుసగా కొన్నేళ్ళ లోటు కనిపిస్తున్నదా, శాశ్వత నిధి నుంచి తీసి రోజువారీ ఖర్చులకు వాడుతున్నారా అన్నవి చూడండి. శాశ్వత నిధిలో చాలా భాగం దాతలు ఫలానా పనికే అని షరతు పెట్టి ఇచ్చినది అయి ఉంటుంది. దాన్ని లాభాపేక్ష సంస్థకు ఊరికే అప్పగించడానికి వీల్లేదు; రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం దీన్ని పరిశీలిస్తుంది. మీ అమ్మాయికి కళాశాల నిధి నుంచి స్కాలర్‌షిప్ వస్తున్నదా?

కృష్ణవేణి_ఆర్
వస్తోంది. ఫీజులో దాదాపు సగం. ఒక పూర్వ విద్యార్థి కుటుంబం పేరు మీద ఇస్తున్నారు.

అంకెల_అనంత్
అయితే అమ్మకం తరువాత ఆ నిధి ఎవరి దగ్గర ఉంటుందో తప్పకుండా అడగండి. కళాశాల అమ్ముడుపోయి, నిధి మాత్రం ఒక ప్రత్యేక ఫౌండేషన్ కింద ఉండిపోయే ఏర్పాట్లు ఉంటాయి. అప్పుడు స్కాలర్‌షిప్ ఇచ్చే నిర్ణయం కొత్త యాజమాన్యానిది కాదు, ఆ ఫౌండేషన్‌ది అవుతుంది. దాని వల్ల మీకు మేలు జరగవచ్చు, ఇబ్బంది కూడా కలగవచ్చు.

సుగుణ_పరిశీలన
ఇంతవరకు కొనుగోలు జరిగిన చోట్ల గురించే మాట్లాడుకున్నాము. జరగకుండా ఆగినచోట ఏమయిందో కూడా చూడాలి. నెబ్రాస్కాలోని బ్లెయిర్‌లో డేనిష్ లూథరన్లు 1884లో స్థాపించిన డేనా కళాశాలను 2010లో ఒక పెట్టుబడిదారుల బృందం కొనబోయింది. యాజమాన్య మార్పును హయ్యర్ లెర్నింగ్ కమిషన్ ఆమోదించలేదు. వసతి కళాశాలగా దాని స్వరూపం కొత్త యజమానుల చేతిలో కొనసాగుతుందన్న నమ్మకం కమిషన్‌కు కలగలేదు. గుర్తింపు కొనసాగదంటే కొనేవారు వెనక్కి తగ్గారు. కొద్ది రోజుల్లోనే కళాశాల మూతపడింది. వేసవి మధ్యలో, వచ్చే సెమిస్టర్‌కు ఫీజుల ఏర్పాట్లు చేసుకున్న విద్యార్థులు వేరే కళాశాలలు వెతుక్కోవలసి వచ్చింది. చాలామందిని పక్క ఊళ్ళోని మిడ్‌లాండ్ కళాశాల చేర్చుకున్నది.

కమిషన్ తప్పు చేసిందని నేను అనను. ఆష్‌ఫర్డ్ పెరిగిన తీరు చూసిన తరువాత వారు జాగ్రత్తపడటం సహజం. కానీ కృష్ణవేణి గారి లేఖలో "అనుమతులు రావలసి ఉన్నాయి" అన్న వాక్యాన్ని తేలికగా తీసుకోవద్దు. అనుమతి వస్తే ఒక దారి, రాకపోతే మరో దారి. రాకపోవడమే విద్యార్థులకు ముందు ముంచుకొచ్చే ప్రమాదం.

భాను_బోధన
సుగుణ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మేము అధ్యాపకులుగా భయపడేది ఆ మధ్యకాలానికే. ఆ నెలల్లో మంచి అధ్యాపకులు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోతారు, కొత్త విద్యార్థులు చేరరు. అనుమతి వచ్చేసరికి కొన్న కళాశాల వేరు, మిగిలిన కళాశాల వేరు అవుతుంది.

మౌళి_గమనిక
కొన్న సంస్థ కుప్పకూలితే ఏమవుతుందన్నదీ ఒక ప్రశ్న. న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాలో విమానయాన విద్యకు పేరున్న డేనియల్ వెబ్‌స్టర్ కళాశాలను 2009లో ఐటీటీ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ కొన్నది. 2016 సెప్టెంబరులో ఐటీటీ మూతపడింది. తనకు సంబంధం లేని కారణాలతో ఆ చిన్న కళాశాల కూడా మునిగిపోయింది. ఆ విద్యార్థుల బాధ్యతను సదరన్ న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ తీసుకున్నది.

రాఘవ_లో_రెసిడెన్సీ
మౌళి గారు చివర చెప్పిన పేరును గమనించండి. సదరన్ న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ ఈరోజు అమెరికాలో అతిపెద్ద ఆన్‌లైన్ విశ్వవిద్యాలయాలలో ఒకటి. దానికి అదే రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో వసతి ప్రాంగణం కూడా ఉంది. లాభాపేక్ష లేనిది. ఆ విద్యార్థులను ఆదుకున్నది ఒక దూరవిద్యా సంస్థే.

మౌళి_గమనిక
అంగీకరిస్తాను. అయితే అది బయటివారికి అమ్ముడుపోయిన కళాశాల కాదు; ఒక ప్రాంగణం తన చేతులతో ఆన్‌లైన్ విభాగాన్ని పెంచుకున్న చోటు. ఆన్‌లైన్ ఆదాయాన్ని ఏం చేయాలో నిర్ణయించే మండలికి ఆ ప్రాంగణం సొంత ఇల్లు. కొనుగోలులో పోయేది సరిగ్గా ఆ అధికారమే. అందుకే ట్రస్టీల మండలిలో పాత కళాశాల వారు ఎందరు మిగులుతారని నేను మొదట అడుగుతాను.

తులసి_ఎం
ఒకవేళ మూతపడితే కట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

అంకెల_అనంత్
చదువుతూ ఉండగా కళాశాల మూతపడినా, మూతపడటానికి ముందు 180 రోజుల లోపు మానివేసినా, అమెరికా ప్రభుత్వం ఇచ్చిన విద్యారుణాన్ని రద్దు చేసే ఏర్పాటు ఉంది. క్రెడిట్లతో అదే డిగ్రీని మరోచోట పూర్తి చేసేవారికి పరిమితులు ఉంటాయి. ఎఫ్-1 విద్యార్థులకు ప్రభుత్వ రుణాలే ఉండవు కాబట్టి ఈ రక్షణ వారికి అందదు. సొంత డబ్బుతోనో స్వదేశంలో బ్యాంకు రుణంతోనో చదివేవారు ఆ నష్టాన్ని తామే భరించాలి.

కృష్ణవేణి_ఆర్
అందరి మాటలూ అమ్మాయికి చదివి వినిపించాను. డీఎస్ఓకు, డీన్‌కు ఈమెయిల్ రాసింది. రెండు ఆన్‌లైన్ కోర్సులలో ఒకదాన్ని ప్రాంగణంలో కూడా చెప్పడానికి ఒక ప్రొఫెసర్ ఒప్పుకున్నారట. కాబట్టి వచ్చే సెమిస్టర్‌కు వీసా ఇబ్బంది లేదు. స్కాలర్‌షిప్ నిధి గురించి మాత్రం "చర్చలు జరుగుతున్నాయి" అని ఒక్క వాక్యం రాశారు. మిగతా డిగ్రీ అంతా ప్రాంగణంలోనే జరుగుతుందన్న హామీ ఇవ్వలేమన్నారు. స్నేహితులను వదిలి వెళ్ళడం తనకు ఇష్టం లేదు. అయినా మరో రెండు కళాశాలలకు బదిలీ దరఖాస్తులు పెట్టి ఉంచుదామని నిర్ణయించుకున్నాము. దానికి ముందే చేసిపెట్టుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

భాను_బోధన
ఇంతవరకు చదివిన ప్రతి కోర్సు సిలబస్‌నూ ఇప్పుడే సేకరించి పెట్టుకోమనండి, ప్రయోగశాల గంటల వివరాలతో సహా. కొత్త కళాశాల క్రెడిట్లను లెక్కించేటప్పుడు కోర్సు పేరు చాలదు, అందులో ఏమి బోధించారో అడుగుతుంది. యాజమాన్యం మారాక పాత వెబ్‌సైట్‌లోని పేజీలు మాయమవుతాయి. అధికారిక మార్కుల ప్రతులు రెండు మూడు సీలు వేయించి తీసుకోవాలి. సిఫారసు లేఖలు రాయగలిగిన ప్రొఫెసర్లను వారు ఇంకా అక్కడ ఉండగానే అడగాలి. కళాశాల టీచ్-ఔట్ ఒప్పందం ఏదైనా చేసుకున్నదా, అంటే మూతపడితే విద్యార్థులను చేర్చుకుని డిగ్రీ పూర్తి చేయిస్తామని ఏ కళాశాలైనా రాసిచ్చిందా అని డీన్‌ను అడగండి. ఆ జాబితాలో ఉన్న కళాశాల ఒకటి మీరు దరఖాస్తు పెట్టబోయే రెండింటిలో ఉంటే ఇంకా మంచిది.

వలసపిట్ట
బదిలీకి నిర్ణయించుకుంటే కళాశాల తెరిచి ఉండగానే సెవిస్ రికార్డును, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్‌లో ఉన్న తన వివరాలను, కొత్త కళాశాలకు విడుదల చేయించుకోవాలి. కొత్త ఐ-20 (వీసాకు ఆధారంగా కళాశాల ఇచ్చే పత్రం) చేతికి వచ్చేదాకా పాత కళాశాలలో నమోదును రద్దు చేసుకోవద్దు.